జీపు ముందు బ్లేడు: మంచుకు పుట్టిన పరికరం, మన కొండ బురద

ఒడిశా గజపతి జిల్లాలో పర్లాకిమిడి దాటి మోహన వైపు, ఆర్. ఉదయగిరి వైపు, గుమ్మ వైపు కొండల్లో జీడి తోటలూ మెట్ట భూములూ ఉన్న తెలుగు కుటుంబాలకు వానాకాలం ఏటా ఒకే చిక్కు తెచ్చిపెడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పెద్ద వాన కురిసిన ప్రతిసారీ గట్టు మీది ఎర్రమట్టి జారి తోట దారిలో పేరుకుంటుంది, గెడ్డ (కొండవాగు) పొంగిన చోట ఇసుకా గులకరాళ్లూ మేట వేస్తాయి. ప్రభుత్వ రోడ్డు మీదికి జేసీబీ వచ్చినా, లోపలి సొంత దారి వంతు వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి. ఇంట్లో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్ జీపు ఉన్నవారికి అప్పుడొచ్చే ఆలోచన సహజమైనదే: అమెరికాలోనూ కెనడాలోనూ జనం తమ ఇళ్ల ముందు మంచును తోసుకుంటున్న వీడియోలు చూస్తున్నాం, అలాంటి బ్లేడు ఒకటి మన జీపుకూ బిగించుకుంటే ఈ బురదను మనమే తీసుకోవచ్చు కదా అని. బ్లేడు తయారుచేయడం కష్టమేమీ కాదు, రేకు వంచి ఇనుప యాంగిళ్లు అతికించగల వెల్డింగ్ షెడ్డు మన వైపు ప్రతి ఊరిలోనూ ఉంది. కష్టమంతా ఆ బ్లేడు ముందు పేరుకునే సరుకు బరువులో ఉంది, ఆ బరువును జీపులో ఏ భాగం మోస్తుందన్న లెక్కలో ఉంది. ఆ లెక్క వేయకుండా చేసిన పని జీపును పాడుచేస్తుంది, ఒక్కోసారి నడిపే మనిషినీ ప్రమాదంలో పడేస్తుంది.

ముందుగా అసలు పరికరాన్ని చూద్దాం. మంచు బాగా పడే దేశాల్లో ఊరి రోడ్లను స్థానిక ప్రభుత్వం శుభ్రం చేసినా, గేటు నుంచి ఇంటి దాకా ఉండే సొంత దారి ఇంటివాళ్ల బాధ్యతే కాబట్టి, చిన్న పికప్‌లకూ జీపులకూ బిగించుకునే బ్లేడుల వ్యాపారం అక్కడ బాగా స్థిరపడింది. వంపు తిరిగిన రేకు, దాని అడుగున అరిగినప్పుడు మార్చుకునే ఉక్కు పట్టీ, వెనక ఇంగ్లిష్ A అక్షరం ఆకారంలో ఉండే తోపుడు చట్రం, చాసీకి (బండి అడుగు చట్రానికి) బిగించే బ్రాకెట్లు, ఎత్తడానికి హైడ్రాలిక్ సిలిండరో, తాడు చుట్టి లాగే మోటారు విన్చో, అడ్డం తగిలితే బ్లేడు ముందుకు వాలడానికి స్ప్రింగులు: ఇంతే దాని నిర్మాణం. మన దేశంలో జోజిలా వంటి కనుమల్లో సరిహద్దు రోడ్ల సంస్థ వాడే మంచు యంత్రాలు దీనికంటే ఎన్నో రెట్లు పెద్దవి, వాటికీ సొంత బండికి బిగించే ఈ బ్లేడుకూ పోలిక లేదు. ఒడిశా కాశ్మీరుగా పేరుపడ్డ దారింగ్‌బాడిలో కూడా చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద కనిపించేది గడ్డకట్టిన పలుచని తెల్లటి పొర మాత్రమే. అంటే మన దగ్గర ఈ బ్లేడు చేయవలసిన పని మొదటి నుంచీ వేరు.

తాజాగా పడిన మంచు ఘనపు మీటరుకు సుమారు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది, కొన్ని రోజులు పేరుకుని అణిగినది 200 నుంచి 300 కిలోలు తూగుతుంది. తడిసిన మట్టి మాత్రం ఘనపు మీటరుకు 1,700 నుంచి 2,000 కిలోల దాకా ఉంటుంది. ఈ అంకెలను ఒక బ్లేడు ముందు పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. 1.8 మీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న బ్లేడు ముందు సరుకు నిండుగా పేరుకుని, ముందుకు 60 సెంటీమీటర్ల దాకా వాలుగా దిగిందనుకుంటే, దాని పరిమాణం దాదాపు పావు ఘనపు మీటరు. అది తాజా మంచు అయితే 25 కిలోల లోపే, అణిగిన మంచు అయినా 75 కిలోలు మించదు. అదే తడి మట్టి అయితే సుమారు 430 కిలోలు ఉంటుంది. బ్లేడు మారలేదు, జీపు మారలేదు, పని మాత్రం చలిదేశపు జీపు అణిగిన మంచుతో చేసేదానికి దాదాపు 6 రెట్లు, తాజా మంచుతో పోలిస్తే 17 రెట్లు అయింది.

ఆ బరువును తోయడానికి జీపుకు ఎంత బలం ఉందన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ చాలామంది ఇంజను హార్స్ పవర్ గురించి మాట్లాడతారు, కానీ లో గేరులో ఇంజను బలం ఎప్పుడూ చాలినంత ఉంటుంది, చాలనిది టైరు పట్టు. నాలుగు చక్రాలూ తిరుగుతున్న 1,500 కిలోల బండి తడి ఎర్రమట్టి మీద తన బరువులో మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా, అంటే 450 నుంచి 600 కిలోల బలంతో తోయగలదనుకుందాం. బ్లేడు ముందున్న 430 కిలోల మట్టి నేల మీద జరగడానికే దాదాపు 280 కిలోల బలం కావాలి, అడుగు పట్టీ కొత్త మట్టిని గీరడానికి మరికొంత కావాలి. దారి 10 మీటర్లకు 1 మీటరు చొప్పున ఎక్కుతుంటే, జీపు తన సొంత బరువును పైకి లాక్కోవడానికే 150 కిలోల బలం ఖర్చవుతుంది. అన్నీ కలిపితే మిగిలేది శూన్యానికి దగ్గర. చక్రాలు తిరుగుతూ మట్టిలో గుంట చేసుకుని బండి కూరుకుపోయేది ఈ కారణంగానే.

వెడల్పు తగ్గిద్దామా అంటే దానికో హద్దు ఉంది. బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పినప్పుడు 1.8 మీటర్ల బ్లేడు 1.56 మీటర్ల దారినే శుభ్రం చేస్తుంది. 1.54 మీటర్ల వెడల్పున్న పాత జిప్సీకి అది సరిగ్గా సరిపోతుంది గానీ, ఇంకా తగ్గిస్తే చక్రాలు తీయని మట్టి మీద ఎక్కవలసి వస్తుంది. కాబట్టి తగ్గించవలసింది ఎత్తు. 45 సెంటీమీటర్లను 30 చేస్తే, ముందు పేరుకునే కుప్ప పొడవు కూడా అదే నిష్పత్తిలో తగ్గి, 430 కిలోలు 200 కిలోల లోపుకు దిగుతాయి. ఎత్తులో మూడోవంతు వదులుకుంటే బరువులో సగానికి పైగా దిగిపోతుందన్నమాట. మట్టి ఎక్కువైతే బ్లేడు పైనుంచి పొర్లి వెనక్కి పడుతుంది, మళ్లీ ఇంకోసారి రావలసి వస్తుంది. ఆ పొర్లడమే జీపుకు రక్ష, దాన్ని ఆపడానికి పైన మరో రేకు అతికించుకోవడం నా దృష్టిలో చేయకూడని పని.

మట్టి గుణం తెచ్చే తేడా కూడా ఒకటి ఉంది. మంచు బ్లేడు వంపు మీద దొర్లి పక్కకు ఎగిరిపోతుంది, బంకమట్టి అంటుకుని కూర్చుంటుంది, అందువల్ల లోతైన వంపు మన దగ్గర లాభం ఇవ్వదు. మంచు బ్లేడు అడుగు పట్టీ నేలకు దాదాపు నిలువుగా నిలబడి గీరుతుంది. బుల్‌డోజర్ బ్లేడు పట్టీ అంచు ముందుకు చాచి ఉండి నేలను కోస్తుంది, కోస్తూ తానే లోపలికి దిగుతుంది. షెడ్డులో చాలామంది డోజర్‌ను చూసి అదే కోణంలో పెట్టమంటారు. డోజర్‌కు వెనక ఎన్నో టన్నుల బరువుంది కాబట్టి అది చెల్లుతుంది, జీపు ముందు అలాంటి అంచు పెడితే నేలలో దిగబడి బండిని ఒక్కసారిగా నిలేస్తుంది. అలాగే డోజర్ సిలిండరు బ్లేడును కిందికి అదుముతుంది. జీపులో అలా అదిమితే లేచేవి ముందు చక్రాలే, అవి లేస్తే స్టీరింగు పోతుంది. బ్లేడును ఎత్తే గొలుసు గానీ తాడు గానీ పని చేసేటప్పుడు వదులుగా ఉండి, బ్లేడు తన సొంత బరువుతో నేల ఎత్తుపల్లాలను అనుసరించాలి. ఈ విషయంలో మంచు బ్లేడు పద్ధతే మనకూ సరైనది.

ఇక బరువు ఎక్కడ పడుతుందన్న సంగతి. 150 కిలోల బ్లేడును ముందు ఇరుసుకు 1 మీటరు ముందుగా వేలాడదీస్తే, ముందు చక్రాల మీద పెరిగేది 150 కిలోలు అని అనుకోవడం సహజం. తక్కెడ కాడ మీద బరువు, కాడ ఆనే చోటుకు అవతలికి జరిగినప్పుడు ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లయితే, ముందు ఇరుసు మీద 212 కిలోలు పెరుగుతాయి, వెనక ఇరుసు మీంచి 62 కిలోలు తగ్గుతాయి. దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలు తేలికగా జారడం, ముందు బేరింగులూ బాల్ జాయింట్లూ తొందరగా పోవడం ఈ లెక్క ఫలితాలే. వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనకగా 100 కిలోల ఇసుక బస్తాలు కడితే వెనక 133 కిలోలు పెరిగి ముందు 33 తగ్గుతాయి కాబట్టి, మంచు దేశాల్లో వెనక బరువు వేసుకోవడం అలవాటు. మన కొండ దారుల్లో ఆ బస్తాలను తాళ్లతో గట్టిగా కట్టడం మరింత అవసరం, ఎందుకంటే బ్లేడు రాయికి తగిలిన క్షణంలో అవి డ్రైవరు వీపు మీదికి వస్తాయి.

అన్ని బండ్లూ ఈ బరువును ఒకేలా భరించవు. పాత మహీంద్రా ఎంఎం 540, కమాండర్, మారుతి జిప్సీ వంటివాటికి ముందు కూడా గట్టి ఇరుసు, కమాన్ పట్టీలు ఉన్నాయి. పట్టీల కట్టకు ఒక పట్టీ చేర్చి ముందు భాగం కుంగకుండా చూసుకోవచ్చు. జిమ్నీకి గట్టి ఇరుసు ఉన్నా కాయిల్ స్ప్రింగులు. 2010లో వచ్చిన థార్‌కూ 2020లో వచ్చిన కొత్త థార్‌కూ ముందు చక్రాలు వేటికవి విడిగా కదిలే అమరిక ఉంది. ముందు భాగం ఎప్పుడూ కుంగి ఉంటే వాటిలో చక్రాల కోణం మారిపోతుంది, టైర్లు ఒక పక్కే అరుగుతాయి, డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు తప్పు కోణంలో తిరుగుతాయి. సౌకర్యం, వేగం కోరి కొన్న కొత్త బండిని ఈ పనికి బలిచేయడం కంటే, పాత కమాన్ పట్టీల జీపు ఒకటి తోట పనికి ఉంచుకోవడమే తెలివైన పని.

బిగించే చోటు విషయంలో నాకు ఎంతమాత్రం రాజీ లేదు. ఒక షెడ్డులో మరమ్మతుకు వచ్చిన జీపును దగ్గరగా చూశాను. బ్లేడు చట్రాన్ని తెచ్చి ముందు బంపరు బ్రాకెట్లకే వెల్డింగు చేశారు. ఎడమ బ్రాకెట్టు బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉండవలసినవి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి, ఒక రంధ్రం నుంచి మొదలైన పగులు చాసీ అంచు దాకా తుప్పు రంగు గీతలా పాకింది. బ్లేడు మాత్రం కొత్తదిలాగే ఉంది. బంపరు బ్రాకెట్టు బంపరును మోయడానికి పుట్టినది, నాలుగైదు వందల కిలోల తోపును రోజంతా, అదీ ఒక పక్కకు వంకరగా, భరించడానికి పుట్టలేదు. ఆ తోపు చాసీ రెండు పొడవు ఛానెళ్లలోకి నిడివిగా వెళ్లాలి. అందుకు తోపుడు చట్రం వెనక కొసలు బండి కిందుగా ముందు ఇరుసు దాటి వెనక్కి వచ్చి, అడ్డ దూలం దగ్గర రెండు ఛానెళ్లకూ పట్టుకోవాలి. మందమైన ప్లేట్లను ఛానెల్ నిలువు ముఖానికి మామూలువాటికంటే గట్టివైన హైటెన్సైల్ బోల్టులతో బిగించాలి. ఛానెల్ పై అంచులోనూ కింది అంచులోనూ రంధ్రం వేయకూడదు, వాటికి అడ్డంగా వెల్డింగు చేయకూడదు, ఎందుకంటే చాసీ వంగకుండా ఆపేది ఆ రెండు అంచులే. బ్రేకు పైపులూ డీజిలు పైపులూ ఎక్కడున్నాయో చూసుకుని గాని డ్రిల్లు పట్టకూడదు.

చట్రం కీలు ఎత్తు కూడా అంతే ముఖ్యం. పనిలో ఉన్నప్పుడు చట్రం నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. కీలు ఎత్తుగా, బ్లేడు పల్లంగా ఉంటే తోపు ఏటవాలుగా కిందికి పోయి, బ్లేడు నేలలోకి దిగుతుంది, బండి మూతి పైకి లేస్తుంది. డ్రైవర్లు దీన్ని ఇంజను బలం చాలడం లేదని పొరబడి యాక్సిలరేటరు తొక్కుతారు, క్లచ్ ప్లేటు కాలేది అప్పుడే.

కనపడని రాయి, జీడి మొద్దు, కల్వర్టు అంచు: బురద అడుగున ఉండేవి ఇవి. 1,500 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ అలాంటి దానికి తగిలి 5 సెంటీమీటర్లలో ఆగిపోయిందంటే, బ్లేడు మీద పడే సగటు బలం 11 టన్నులు దాటుతుంది. వేగం 5 కిలోమీటర్లకు తగ్గితే అది నాలుగోవంతు, అంటే 3 టన్నుల లోపు. మనిషి నడక వేగం మించవద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. ఆ మిగిలిన బలాన్ని కూడా చాసీకి చేరకుండా ఆపడానికే చలిదేశాల బ్లేడులకు స్ప్రింగులు ఉంటాయి, అడ్డం తగలగానే బ్లేడు పైభాగం ముందుకు వాలి, అడుగు పట్టీ రాయి మీదుగా జారి, మళ్లీ నిలబడుతుంది. మన షెడ్డులో స్ప్రింగుల అమరిక కుదరకపోతే తెగిపోయే బోల్టు పద్ధతి ఉంది: బ్లేడు చట్రానికి కీలు మీద ఆగి, ఒక మెత్తని 8 మిల్లీమీటర్ల బోల్టు దాన్ని నిలిపి ఉంచుతుంది. అలాంటి సాధారణ బోల్టు ఒకే చోట కోత పడి తెగడానికి సుమారు 1.2 టన్నుల బలం చాలు. బోల్టు కీలుకు ఎంత దగ్గరగా ఉంటే అడుగు పట్టీ దగ్గర అంత తక్కువ దెబ్బకే తెగుతుంది కాబట్టి దాని చోటును బట్టి పరిమాణం ఎంచుకోవాలి. రెండు మూడు సార్లు తెగిన తర్వాత విసుగొచ్చి దాని స్థానంలో హైటెన్సైల్ బోల్టు వేసేవారున్నారు. అది రెట్టింపు బలానికి గాని తెగదు, ఆ రెట్టింపు బలం చాసీలో పగులుగా బయటపడుతుంది. తెగిన బోల్టు ఖరీదు కొద్ది రూపాయలే. డ్యాష్‌బోర్డులో డజను మెత్తని బోల్టులు పెట్టుకోవాలి.

ఎత్తే ఏర్పాటుకు విన్చ్ చాలు, అయితే అది లాగినప్పుడల్లా బ్యాటరీ మీద భారీ భారం పడుతుంది కాబట్టి ఇంజను నడుస్తుండగానే వాడాలి. ఎత్తిన బ్లేడు రేడియేటరుకు గాలి అడ్డుతుంది, హెడ్‌లైట్ల వెలుగునూ కప్పుతుంది, అందుకని బ్లేడును పైకి పట్టుకుని ఘాట్ రోడ్డు మీద ఊరికి రావడం ఏ విధంగానూ మంచిది కాదు. పిన్నులు తీసి తోటలోనే వదిలిపెట్టేలా బిగింపు ఉండాలి.

చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బండ్ల ముందు బిగించే ఇనుప గార్డులపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు ఈ సెక్షను కిందే రాసింది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనులోని నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చంటుంది. ఇది కేంద్ర చట్టం కాబట్టి ఓడీ నంబరు (ఒడిశా) బండి ఆంధ్రలోని పాతపట్నం వైపు దిగినా, ఏపీ నంబరు బండి పర్లాకిమిడి వైపు ఎక్కినా తేడా ఉండదు. బ్లేడుతో రోడ్డెక్కిన బండి ఎవరినైనా గుద్దితే బీమా సంస్థ ఈ మార్పును చూపి చెల్లింపు నిరాకరించవచ్చు. సొంత హద్దులో పిన్నులతో తగిలించి, పని ముగియగానే తీసేసే పరికరంగా ఉంచుకోవడానికి ఇదొక బలమైన కారణం.

ఇప్పటిదాకా చెప్పినదంతా దారి మీద పలుచగా పరుచుకున్న బురద గురించి, అంటే మహా అయితే జాన ఎత్తు. గట్టు విరిగి మీద పడిన మట్టి వేరే విషయం. జారిన మట్టి పాదం పైనున్న వాలును ఆపి ఉంచుతుంది. దాన్ని కింద నుంచి తీసేకొద్దీ పైది దిగుతుంది, కింద మనిషి ఉన్నాడా లేడా అన్నది దానికి పట్టదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను తెచ్చిన వానకు గజపతి జిల్లా బరఘర గ్రామంలో చరియ విరిగిపడి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. నీళ్లు ఇంకా ఊరుతున్న వాలు కింద, రేకు పైకప్పు గాని గుడ్డ పైకప్పు గాని ఉన్న జీపులో కూర్చుని మట్టి తోయడం ఎంతటి అవసరంలోనూ చేయకూడదు. ఆ పని పక్కనుంచి చేయి చాచి మట్టి తీయగల, 7 టన్నులు దాటిన జేసీబీదే, అదీ వాన వెలిసి వాలు స్థిరపడ్డాక. లోయ వైపు అంచు కూడా తడిసి మెత్తబడి ఉంటుంది, అక్కడిదాకా మట్టిని తోసుకుపోయిన జీపు ముందు చక్రాలు అంచుతో సహా దిగిపోగలవు. కొండ వైపు కాలువలోకి తోస్తే నీళ్లు దారి మీదికి మళ్లి, మరుసటి వానకు అంతకు రెట్టింపు బురద వస్తుంది. దారి వెడల్పుగా ఉన్న చోటు ముందే చూసుకుని, మట్టిని అక్కడికి కొద్దికొద్దిగా చేర్చాలి.

నన్ను అడిగినవారికి జీపు బ్లేడు కంటే ముందు రెండు మార్గాలు చెబుతాను. ఇంట్లో ట్రాక్టరు ఉంటే దాని వెనక మూడు కొక్కేలకు తగిలించే లెవెలర్ బ్లేడు మొదటిది. సుమారు 2 టన్నుల బరువు, పెద్ద వెనక చక్రాలు, పనిముట్టును లాగడానికే పుట్టిన శరీరం దానివి, చాసీ పగులుతుందన్న బెంగ లేదు. ట్రాక్టరు లేనివారికి రెండోది, జీపు వెనక కొక్కేనికి గొలుసుతో కట్టి లాగే ఇనుప పట్టీ. 1.5 మీటర్ల పొడవున్న రెండు ఛానెళ్లను అర మీటరు ఎడంగా సమాంతరంగా పెట్టి, మధ్య రెండు అడ్డాలు వెల్డింగు చేసి, ముందు ఛానెల్‌కు రెండు కొసల నుంచి గొలుసు కట్టి మధ్యలో కలిపితే అది తయారవుతుంది. ఒక కొస గొలుసును రెండు లింకులు పొట్టి చేస్తే పట్టీ వంకరగా లాగబడి మట్టిని పక్కకు తీస్తుంది, బరువు చాలకపోతే మీద రెండు రాళ్లు పెట్టి తీగతో కట్టవచ్చు. రాయికి తగిలితే అది ఎగిరి దాటుతుంది, బండికి దెబ్బ తగలదు. లోతైన బురదను అది తీయలేదు. కానీ వాన వెలిసిన రెండో రోజు, మట్టి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు, చక్రాలు చేసిన గాడులను పూడ్చి, గులకను సమంగా పరిచి, నీళ్లు పక్కకు జారేలా దారిని ఒక వైపు కాస్త వాలుగా తీర్చడానికి దాన్ని మించింది లేదు. దానితో వానాకాలం పొడుగునా దారిని సవరిస్తూ వస్తే, ముందు బ్లేడుతో తోయవలసినంత బురద చాలా తోటల్లో పేరుకోనే పేరుకోదు.